ఏటవాలు వీధి పెరుగు

సముద్రం అడుగున నెలల తరబడి ఉండి పైకి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి అడుగుతారు. ఒకరికి ఎండ కావాలి, ఒకరికి సిగరెట్టు కావాలి. దమయంతికి పెరుగన్నం కావాలి. అదీ వాళ్లమ్మ పైడితల్లి వంటింటి పెరుగై ఉండాలి, ఇంకోటి గొంతు దిగదు.

కెలూన్ దీవుల రేవులో పడవ దిగి, సంచీ భుజాన తగిలించుకుని ఆమె ఏటవాలు వీధి ఎక్కుతోంది. మధ్యాహ్నం భోజనాలవేళ దాటిందో లేదో, అప్పుడే చీకటి పడిపోయింది. ఆ దేశంలో చలికాలమంతా ఇంతే, సూర్యుడు మొహం చూపించి వెళ్లిపోతాడు. వీధి పొడవునా కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఆమె మలుపు తిరుగుతుండగా పక్కింటి మార్తా కిటికీలో దీపం టక్కున ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ వెలిగింది.

ఎవరో పెరుగు తోడుకి వచ్చినట్టున్నారు అనుకుని దమయంతి నవ్వుకుంది.

ఆ దీపం సంగతి చెప్పాలి. దమయంతిది సోంపేట. సముద్రగర్భంలో యంత్రాలు బాగుచేసే ఇంజనీరుగా ఉద్యోగం దొరికి, భర్త తవిటేశునీ చంటిపిల్ల కళనీ వెంటబెట్టుకుని ఈ దీవులకు వచ్చింది. వచ్చి చూస్తే ఇక్కడ పాలున్నాయి, జున్నుంది, వెన్నుంది, పెరుగు మాత్రం లేదు. వాళ్లమ్మ కట్టి ఇచ్చిన ఎండుమిరపకాయల తొడిమలు తుంచి గోరువెచ్చటి పాలల్లో వేసి, గిన్నెకి శాలువా చుట్టి, చంటిపిల్లతో సమానంగా కాపలా కాసింది. మొదటిసారి జిగురు జిగురుగా వచ్చింది. రెండోసారి దానితో తోడు పెడితే ఎంచక్కా పేరుకుంది.

ఆ వారంలోనే పక్కింటి ముసలావిడ మార్తాకు కడుపులో బాగాలేకపోతే దమయంతి ఒక గిన్నెడు పెరుగిచ్చింది. ఆవిడకి నయమైంది. ఎలా చేయాలో చెప్పమంది. దమయంతి వాళ్లమ్మ చెప్పినట్టే చెప్పింది. రేపటికి ఒక చెంచా ఉంచుకోవాలి. తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. దీపం పెట్టాక పెరుగు ఎవరికీ ఇవ్వకూడదు.

కెలూన్ వాళ్లు నియమం అంటే ప్రాణం పెట్టే జనం. ఏది శాస్త్రం, ఏది ఆచారం అని అడగలేదు, మూడింటినీ నెత్తిన పెట్టుకున్నారు. చిక్కల్లా చలికాలంలో వచ్చింది. రోజంతా దీపాలుంటే ఇంక తోడు ఇచ్చేదెప్పుడు? మార్తా ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. ఎవరైనా గిన్నె పట్టుకుని తలుపు తడితే ముందు దీపం ఆర్పడం, చీకట్లో తోడు ఇవ్వడం, తలుపు వేశాక మళ్లీ దీపం వెయ్యడం. అది మొదటిసారి చూసినప్పుడు దమయంతి కడుపు పట్టుకుని నవ్వింది. తప్పని మాత్రం చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి వీధి వీధంతా పెరుగు తింటోంది, చలికాలమంతా కిటికీలు కన్నుగీటుతున్నాయి.

ఇంటికి వెళ్లగానే కళ వచ్చి నడుం చుట్టేసింది. పిల్ల మళ్లీ జానెడు ఎదిగింది. తవిటేశు రేవులో చేపల శీతల గిడ్డంగిలో పని చేస్తాడు. ఇంట్లో వంట అతనిదే. అన్నం వార్చి, పెరుగు గిన్నె తెచ్చి ముందు పెట్టాడు.

"అమ్మది తెగలేదు గదా మావా?" అంది దమయంతి ముద్ద కలుపుతూ. ప్రతిసారీ అడిగే మాటే.

"నానుండగా తెగిపోద్దేటి? తిను," అన్నాడు తవిటేశు అటు తిరిగి.

పైడితల్లి కిందటేడు పోయింది. ఆ కబురు కేబులు మీద సముద్రం అడుగుకి చేరేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. పైకి రావాలంటే ఒత్తిడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, తలుచుకున్నప్పుడు తలుపు తీసుకుని వచ్చేది కాదు. అప్పటినుంచి దమయంతికి వాళ్లమ్మ అంటే ఈ గిన్నెలోదే.

*

మర్నాడు పరీక్ష. ఆ దేశంలో శాశ్వత నివాసం కావాలంటే పూర్వం దేశంలో ఎన్నాళ్లున్నారో లెక్కపెట్టేవారు. సముద్రగర్భ కేంద్రం దేశపు హద్దుకు అవతల ఉంది. కెలూన్ ఇళ్లన్నిటికీ వేడీ కరెంటూ పంపేది ఆ కేంద్రమే. అయినా అక్కడ పనిచేసిన కాలమంతా దేశంలో లేనట్టే లెక్క. తవిటేశుకీ కళకీ ఎప్పుడో నివాసం వచ్చింది. దమయంతికి మాత్రం ఎన్నేళ్లు గడిచినా చాలేది కాదు. అందుకే ఆ లెక్క తీసేసి కొత్త యంత్రం పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే.

యంత్రం కనిపెట్టిన డాక్టర్ ఎబ్బా స్వయంగా నమూనాలు తీసింది. నాలుక మీద ఒక దూది, అరచేతి మీద ఒక దూది, మూడోది ఎక్కడినుంచి తీస్తారో చెప్పుకోవడం బాగుండదు. ఒక ఊళ్లో ఉండి, ఆ నీళ్లు తాగి, అక్కడివాళ్లతో కలిసి తింటే ఆ ఊరి సూక్ష్మజీవులు మన పేగుల్లో కాపురం పెడతాయి. యంత్రం ఆ కాపురాలను చదివి, దేశప్రజల నమూనాతో పోల్చి, ఈ మనిషి మనలో కలిశాడా లేదా చెబుతుంది. తవిటేశు దానికి పొత్తు యంత్రం అని పేరు పెట్టాడు.

తెర మీద నీలిరంగు చుక్కలు రావాలి. రాలేదు. ఎబ్బా మళ్లీ నడిపింది. అక్కడొకటి ఇక్కడొకటి మినుకుమన్నాయి.

"మీ ఒంట్లో ఎవరూ లేరు, దమయంతి గారూ," అంది ఎబ్బా మెల్లగా. "కింద మీకు పెట్టేది అంతా క్రిములు చంపిన తిండి, వడగట్టిన గాలి. నెలల తరబడి అదే. మీలో ఉన్నవాళ్లు అందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు."

"ఈ గదిలో వెచ్చదనం నేను పంపిందేనండీ," అంది దమయంతి. "నా చేత్తో బిగించిన గొట్టాల్లోంచి వస్తోంది."

"నాకు తెలుసు. యంత్రానికి తెలియదు."

ఎబ్బా కుర్చీలో కూలబడింది. పడవల్లో కొట్టుకొచ్చి, కాగితాలన్నీ సముద్రంలో పోగొట్టుకున్న పిల్లల కోసం ఆవిడ ఈ యంత్రం చేసింది. వాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే పెరిగారని రుజువు చెయ్యడానికి వాళ్ల ఒళ్లు తప్ప ఇంకేం లేదు. అది పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే ప్రభుత్వం ఇక వేరే రుజువులన్నీ అక్కర్లేదని తీసేసింది. కిందటేడు ఇదే గదిలో పరీక్ష తప్పిన, సముద్రంలో డ్రిల్లింగు చేసే ఒక మనిషి భార్యాపిల్లల్ని ఇక్కడ వదిలి ఓడెక్కాడు. అతని పేరు ఎబ్బా ఇప్పటికీ నోటితో చెప్పలేదు.

"ఒక్క దారి ఉంది," అంది ఎబ్బా. "పునఃపరీక్ష. దేశంతో కాకుండా మీ వీధితో పోల్చమని అడగొచ్చు. ప్రతి ఇంటివాళ్లూ ఒప్పుకుని నమూనా ఇవ్వాలి. అదీ తప్పితే వసంతంలో మొదటి ఓడకి మీరు వెళ్లిపోవాలి. ఆ తర్వాత చుట్టపుచూపుగా రావచ్చు, అంతే."

*

కబురు తెలిసిన సాయంత్రమే మార్తా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. తవిటేశు దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లో ఒకటి 'అమ్మీ'. దమయంతిని అలాగే పిలుస్తుంది.

"మూడోది ఎక్కడినుంచి తీస్తారో విన్నాను, అమ్మీ. నా వయసులో సిగ్గేమిటి. వీధిలో అందరూ ఇస్తారు. నువ్వు మాత్రం ఇవాళ్టినుంచి మీ ఇంట్లో తినకు. రోజుకో ఇంట్లో తిను."

"మీ అందరికీ శ్రమ, పెద్దమ్మా."

"నువ్వు మొదటిసారి పెరుగిచ్చిన గిన్నెలో నేను ఏం పెట్టి తిరిగి ఇచ్చాను?"

"చేపలు."

"ఉప్పు చేపలు. నువ్వు వాసన చూసి మొహం తిప్పేసుకున్నావు. నేను చూశాను. అయినా తిన్నావు. మాకూ శ్రమ పడ్డం వచ్చులే."

అలా మొదలైంది. ఒక ఇంట్లో చేపల పులుసు, ఒక ఇంట్లో క్యాబేజీ, మార్తా ఇంట్లో రాతిజాడీలో రోజుల తరబడి పులియబెట్టిన రై గింజల పిండితో నల్లటి రొట్టె. అన్నిచోట్లా చివర్లో పెరుగు. ఒక్కో ఇంటి పెరుగు ఒక్కో రకంగా ఉంది. కింది ఇంట్లో పుల్లగా, చర్చి పక్కింట్లో మీగడ కట్టి, మార్తా ఇంట్లో గట్టిగా, చిన్న కమ్మటి పులుపుతో. తమ ఇంటి పెరుగూ మార్తా ఇంటిదీ ఒకేలా ఉన్నాయేమిటా అని ఒకసారి దమయంతికి అనిపించింది. పాలు ఒకే ఆవువి కాబోలు అని వదిలేసింది.

ఈ మనుషులు తనకేమవుతారని ఇంత చేస్తున్నారు? ఏ ఇంట్లో తిని లేచినా ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్లు కారం ఎక్కువైందనుకుని మంచినీళ్లు అందించేవారు. ఆ వంటల్లో కారమే లేదు.

తవిటేశు మాత్రం రోజురోజుకీ డీలాపడిపోయాడు. ఇళ్లలో రొట్టెపిండితో పాటు పెరుగు నమూనాలు కూడా తీసుకుంటారని విన్న రోజు అతను అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఓడ గురించి బెంగ కాబోలు అనుకుంది దమయంతి.

*

విచారణ రోజు ప్రయోగశాలలో కుర్చీలు చాల్లేదు. ఏటవాలు వీధి మొత్తం దిగింది. నివాసాధికారి ఓస్కెల్ నిదానస్తుడు. చెడ్డవాడేం కాదు, కాని రాసింది రాసినట్టు చూసే మనిషి.

ఎబ్బా యంత్రం నడిపింది. తెర మీద వీధిలోని ఇళ్లన్నీ వరసగా వచ్చాయి. వాటన్నిటి గుండా ఆకుపచ్చ దారం ఒకటి పోతోంది. అది చివరికి దమయంతి పేరు దగ్గరికి వచ్చింది, అక్కడా పచ్చగా మెరిసింది. పొత్తు కావలసిన దానికంటే ఎక్కువే కుదిరింది. జనం చప్పట్లు కొట్టారు. కళ కుర్చీ ఎక్కి గెంతింది.

"ఆగండి," అన్నాడు ఓస్కెల్. "ఈ ఆకుపచ్చది ఏమిటి? దేశపు నమూనాలో ఇది లేదే?"

ఎబ్బా దమయంతి వంక చూసింది. ఆ చూపులో 'మీ ఇష్టం' అన్న మాట ఉంది. నాకు తెలియదు అంటే సరిపోయేది. అయితే అది వాళ్లమ్మది. వాళ్లమ్మని ఎరగనని చెప్పడానికి దమయంతికి నోరు రాలేదు.

"పెరుగులోదండీ. మా అమ్మ వంటింటిది. నేనే ఈ వీధికి తెచ్చాను."

ఓస్కెల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే మీరు ఈ వీధిలో కలవలేదు. ఈ వీధే మీలో కలిసింది. ఇది ఇక్కడ ఉండి మీరు పొందింది కాదు కదమ్మా. మీరు దీన్ని భూమ్మీద ఎక్కడ ఉన్నా మీతోనే ఉంచుకోగలరు. మీ ఇంట్లో ఇది ఎప్పుడైనా తెగిపోయి, వీధిలో ఎవరి దగ్గరైనా తెచ్చుకున్నారా?"

"లేదండీ. ఒక్కసారి కూడా తెగలేదు," అంది దమయంతి. తల ఎత్తి, గర్వంగా చెప్పింది. చెప్పాక తెలిసింది, ఓడ టిక్కెట్టు తన చేత్తో తనే రాసుకున్నానని.

తవిటేశు లేచి నిలబడ్డాడు.

"దమ్మీ, నన్ను తిట్టుకో, కొట్టుకో. తెగిపోనాది," అన్నాడు తెలుగులో.

"ఏటి?"

"నువ్వు కిందికి దిగిన పెతిసారీ తెగిపోనాది. ఓపాలి మరిగిన పాలల్లో ఏసీసినాను. ఓపాలి మర్సిపోయి మొత్తం తినీసినాం. నువ్వొచ్చే రోజు మార్తా పెద్దమ్మకాడికి పరిగెట్టి తెచ్చీవోణ్ణి. కిందటేడు సెప్పీద్దామనుకున్నాను. అత్త పోనాది. ఇంక నోరు పెగల్లేదు."

తర్వాత అదే మాట కెలూన్ భాషలో, అధికారికి వినిపించేలా, ఎర్రబడిన మొహంతో మళ్లీ చెప్పాడు. వీధంతా వింది.

తను మలుపు తిరుగుతుంటే ఆరిన దీపం దమయంతికి గుర్తొచ్చింది. ఆ చీకట్లో గిన్నె పట్టుకుని నిలబడింది తన మొగుడే. అయితే అమ్మ వంటింటి నుంచి తన వంటింటిదాకా తెగకుండా వచ్చిందనుకున్నది ఎప్పుడో తెగిపోయింది. తనకి తెలియనే తెలియదు. అంతమంది ముందు ఆమెకి తల్లి రెండోసారి పోయినట్టయింది. మొహం చేతుల్లో దాచుకుంది.

ఎబ్బా ఒక్క ఉదుటున యంత్రం దగ్గరికి వెళ్లింది. దమయంతి పేరు పక్కనున్న ఆకుపచ్చ దారాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసింది. దారం చుట్టూ సన్నగా గోధుమరంగు పెనవేసుకుని కనిపించింది.

"ఓస్కెల్ గారూ, ఇటు చూడండి. తోడు ఏ వంటింట్లో ఉంటే ఆ వంటింటి గుణం పట్టుకుంటుంది. ఈ గోధుమరంగు మార్తా గారి రొట్టెపిండిలోది. ఈ దీవి గింజలది, ఆవిడ రాతిజాడీలో తప్ప ఇంకెక్కడా లేదు. దమయంతి గారు తెచ్చింది వాళ్ల ఇంట్లో ఎప్పుడో తెగిపోయింది. ఈవేళ దమయంతి గారి ఒంట్లో ఉన్నది ఈ వీధిలో పెరిగి, ఈ వీధి చేతుల మీదుగా ఆవిడకి అందింది."

ఓస్కెల్ తెర దగ్గరికి వంగి చూశాడు. తర్వాత మార్తా వైపు తిరిగాడు.

"అమ్మా, ఆవిడ నెలల తరబడి ఊళ్లో ఉండేది కాదు. మీరెందుకు దీన్ని ఇంత జాగ్రత్తగా నిలబెట్టారు?"

"రేపటికి ఒక చెంచా ఉంచుకోవాలని చెప్పింది. ఉంచాం."

"ఆవిడ లేనప్పుడు కూడానా?"

మార్తా ఆయన్ని జాలిగా చూసింది. "ఆవిడ లేనప్పుడు కూడా రేపు వస్తుంది కదయ్యా."

ఓస్కెల్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇది ఇక్కడ పొందినదే అని పైకి చెప్పి, సంతకం చేశాడు.

అందరూ లేచినా ఎబ్బా యంత్రం దగ్గరే నిలబడింది. పోయినేడు ఓడెక్కిన ఆ డ్రిల్లింగు మనిషి పేరు పైకి పలికి, అతని వీధిలో కూడా ఇళ్లున్నాయి కదా, వీధితో పోల్చమని ఎవరూ అడగలేదు కదా అంది. ఓస్కెల్ ఆ పేరు మళ్లీ చెప్పమన్నాడు.

*

ఇంటికి పోయేటప్పుడు దమయంతి ముందు నడిచింది. తవిటేశు సంచీ మోసుకుంటూ వెనక నడిచాడు. కళ ఒకసారి అమ్మ దగ్గరికి, ఒకసారి నాన్న దగ్గరికి పరిగెత్తి ఎవరి కోపం ఎంత తగ్గిందో చూసి వస్తోంది. అమ్మది ఏం తగ్గలేదు. వీధివాళ్లంతా ఎందుకో హడావిడిగా ముందే వెళ్లిపోయారు.

మలుపు తిరిగేసరికి మార్తా ఇంటి దీపం ఆరింది. దమయంతి ఆగింది. పక్కిల్లు ఆరింది. ఎదురిల్లు ఆరింది. చర్చి పక్కిల్లు, దాని పైది, ఆ పైది, కొండ మీదిదాకా ఒక్కొక్కటే ఆరిపోయి వీధంతా చీకటైంది. కింద కరెంటు కేబులు తెగిందేమో అని ఆమె రేవు వైపు తిరిగి చూసింది. పని అలవాటు మరి.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కనిపించారు. ప్రతి గడపలోనూ ఒక మనిషి. ప్రతి మనిషి చేతిలోనూ ఒక గిన్నె.

"ఏ ఇంటిది కావాలో ఎంచుకో, అమ్మీ," అంది మార్తా చీకట్లోంచి. "అన్నీ మీ అమ్మవే."

దమయంతికి ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. సోంపేటలో ఆ వంటిల్లు లేదు, ఆ మనిషి లేదు. ఇక్కడ, ఆవిడ ఎన్నడూ చూడని దేశంలో, ఆవిడ పేరు పలకడం రానివాళ్లు ఆవిడని ఇన్ని గిన్నెల్లో దాచిపెట్టారు. కూతురు సముద్రం అడుగున ఉన్నప్పుడు కూడా రోజూ వెచ్చగా చూసుకున్నారు. ఈ బాకీ తీర్చేది కాదని, తీర్చకుండా ఇక్కడే ఉండిపోవచ్చని ఆమెకి అప్పుడు తెలిసింది.

"మావా," అని పిలిచింది వెనక్కి తిరక్కుండానే. విచారణ గది దాటాక అదే మొదటి మాట. "ఇంట్లోకెల్లి గిన్నె అట్టుకురా."

తవిటేశు ప్రాణం లేచొచ్చింది. "ఏ గిన్నె?"

"పెద్దది. ఒక్కింటిదే తెచ్చుకుంటే నువ్వు మల్లీ తెగ్గొట్టీగలవు. అందరిదీ కలిపీద్దాం."

అతను పరిగెత్తి తెచ్చాడు. దమయంతి కింది గడప దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఇంటి ముందూ ఆగి, ఒక్కో చెంచా అడిగి వేయించుకుంది. కళ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి వెంట నడిచింది. ఆమె ఇంటికి చేరి, పాలు గోరువెచ్చగా చేసుకుని, తోడు వేసి మూత పెట్టేదాకా ఆ వీధిలో ఎవరూ దీపం వెయ్యలేదు.